గట్టు పక్క బోదె

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక వాగు, వాగు పక్కన ఎర్ర ఇసక నేల. ఆ నేలలో చిలగడదుంప తప్ప ఇంకేం వేసినా మొహం మాడ్చుకునేది. అందుకని అక్కడి జంతువులు నేలంతా మళ్ళుగా పంచుకుని, ఏటా చిలగడదుంపే వేసుకునేవి.

ఆ దుంప వాటికి ఎందుకంత ముఖ్యమో ముందు చెప్పాలి పిల్లలూ. చలికాలం పోయేదాకా అడవిలో తిండికి లోటుండదు. ఎండలు మొదలవగానే ఇప్పపువ్వు రాలుతుంది. అదీ అయిపోయాక తొలకరి చినుకు పడేదాకా అడవిలో ఏమీ దొరకదు. ఆ రెండు నెలలూ ఇసకలో పాతి దాచుకున్న దుంపే దిక్కు. దుంప ఉన్న ఇంట్లో పిల్లలు ఆడుకునేవి. లేని ఇంట్లో పిల్లలు పొద్దస్తమానం పడుకుని ఉండేవి.

ఆ నేలలో గుబురయ్య అనే ఎలుగుబంటికి మూడు మళ్ళు ఉండేవి. గుబురయ్యకి బూచమ్మ అని భార్య, ఇద్దరు పిల్లలు. కష్టపడడని మాత్రం గుబురయ్యని ఎవరూ అనలేరు. అందరికంటే ముందు మడిలో దిగేది అతనే, అందరికంటే ఆఖరున గట్టెక్కేదీ అతనే. వాగులోంచి నీళ్ళు మోసి మోసి భుజాల మీద బొచ్చు ఊడిపోయింది. అంత చేసినా అతని మూడు మళ్ళలో కలిపి పన్నెండు తట్టల దుంప కంటే ఎక్కువ వచ్చేది కాదు.

అతని మడికి గట్టు అవతల పోలమ్మ మడి. పోలమ్మ ఒక పందికొక్కు. మొగుణ్ణి పాము ఎత్తుకుపోతే, నలుగురు పిల్లల్ని వెంటేసుకుని ఒక్క మడే చేసుకునేది. గుబురయ్య ఒక్క పంజా కింద పోలమ్మ సంసారమంతా పట్టేస్తుంది. అలాంటి పోలమ్మ ఒక్క మడిలో పది తట్టల దుంప పండేది. అవే తట్టలు, అదే నేల, అదే వాగు నీళ్ళు.

మొదటి ఏడు గుబురయ్య, “అదృష్టం” అన్నాడు. రెండో ఏడు, “ఆవిడ మడిలో మట్టి మంచిది” అన్నాడు. మూడో ఏడు మాత్రం ఏమీ అనలేదు. అనకుండా మనసులో పెట్టుకున్నాడు. పైకి అనే మాట కంటే లోపల పెట్టుకునే మాట చెడ్డది. అది అక్కడే కూచుని పెరుగుతుంది.

ఆ మూడో ఏడు ఏం జరిగిందో చెబుతాను వినండి.

తీగలు నాటే రోజులు. గుబురయ్య చదునుగా ఉన్న మడిలో లావుపాటి ముదురు తీగలు పరిచి, పైన ఇంత మట్టి వేసి తొక్కుకుంటూ పోతున్నాడు. పోలమ్మ గట్టెక్కి చూసింది.

“అన్నా, ఆ ముదురు మొదళ్ళు నాటకు. తీగ కొసలు జానెడేసి తుంచి, రెండు రోజులు నీడన పెట్టి నాటు. నేల చదునుగా ఉంచకు. మట్టి ఎగదోసి బోదెలు కట్టి, ఆ బోదెల మీద నాటు. మట్టి గుల్లగా ఉంటేనే దుంప ఊరుతుంది” అంది.

“మొదలు లావుగా ఉంటుంది. లావుగా ఉన్నదే గట్టిగా కాస్తుంది. నన్ను చూడు, నిన్ను చూసుకో” అన్నాడు గుబురయ్య.

పోలమ్మ నవ్వి ఊరుకుంది. గుబురయ్య కూడా తన మాటకి తనే నవ్వుకున్నాడు. అయినా మూడు మళ్ళకీ బోదెలు కట్టే ఓపిక ఎవరికుంది అనుకున్నాడు. ఆవిడ మాట తీసెయ్యలేక, గట్టు పక్కన ఒక్కటంటే ఒక్క బోదె కట్టి వదిలేశాడు. ఏటా అంతే చేసేవాడు.

నెల తిరిగింది. తీగలు పాకాయి. గుబురయ్య తట్టల కొద్దీ పేడ తెచ్చి పోశాడు, కడవల కొద్దీ నీళ్ళు పోశాడు. మడి పచ్చగా నిగనిగలాడింది. దారిన పోయే జింకలు ఆగి, “అబ్బ, ఏం పైరు గుబురయ్యా” అని మెచ్చుకునేవి. గుబురయ్యకి ఛాతీ పొంగేది. పోలమ్మ మళ్ళీ గట్టెక్కింది.

“అన్నా, పేడ ఎక్కువైతే ఆకే వస్తుంది, దుంప రాదు. పైగా తీగ పాకిన చోటల్లా కణుపు దగ్గర వేరు దిగిపోతోంది. పది రోజులకోసారి తీగ ఎత్తి, అటు తిప్పి వెయ్యి” అంది.

“ఎన్ని వేళ్ళు దిగితే అన్ని దుంపలు. ఆ మాత్రం నాకూ తెలుసమ్మా” అన్నాడు గుబురయ్య.

“కాదన్నా. తీగ తిన్నదంతా ఒక్కచోటికి పోతేనే దుంప. తల్లి నలుగురు పిల్లల్ని పెంచగలదు గానీ నలభై మందిని పెంచలేదు కదా” అంది పోలమ్మ.

ఆ మాట గుబురయ్యకి గుచ్చుకుంది. ఒక్క మడిది వచ్చి మూడు మళ్ళవాడికి చెప్పడమేమిటి అనుకున్నాడు. ఇంకో సంగతి కూడా మనసులో వేసుకున్నాడు. ఈవిడ మాటిమాటికీ నా మడిలోకి ఎందుకు తొంగి చూస్తోంది?

మరో రెండు నెలలు పోయాయి. దుంప ఊరే రోజులొచ్చాయి. మట్టిలో దుంప ఊరుతుంటే పైన నేల పగుళ్ళిస్తుంది. పోలమ్మ మూడోసారి గట్టెక్కింది.

“అన్నా, పగుళ్ళు పూడ్చెయ్యి. లేకపోతే ఆ సందుల్లోంచి ముక్కుపురుగు దిగి దుంపని తొలిచేస్తుంది. ఒకసారి తొలిస్తే ఆ దుంప చేదు, పక్క దుంపా చేదే” అంది.

“మూడు మళ్ళు ఉన్నవాడికి పగుళ్ళు ఏరుకుంటూ కూచునే తీరిక ఎక్కడిదమ్మా” అంటూ గుబురయ్య కడవ ఎత్తుకుని వాగు వైపు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత నాలుగు రోజులకి, పొద్దు వాలుతుండగా, గుబురయ్య మడికి వచ్చాడు. గట్టు ఇవతల, తన బోదె పక్కన పోలమ్మ కనిపించింది. ముందుకాళ్ళ నిండా తడి మట్టి. బోదె మీద కొత్త మట్టి కుప్పలు కుప్పలుగా ఉంది. అతన్ని చూసి పోలమ్మ, “వచ్చావా అన్నా” అని పలకరించి గట్టు దిగిపోయింది.

ఏం చేస్తున్నావమ్మా అని ఒక్క మాట అడిగితే అంతటితో పోయేది. గుబురయ్య అడగలేదు. ఆ మట్టి కాళ్ళనే చూస్తూ నిలబడ్డాడు.

పంట తవ్వారు. గుబురయ్యకి మళ్ళీ పన్నెండు తట్టలే. ఆ పన్నెండులో నాలుగు తట్టలు గట్టు పక్క బోదె ఒక్కదానిలోనే వచ్చాయి. మిగిలిన మూడు మళ్ళూ కలిసి ఎనిమిది. గట్టు అవతల పోలమ్మ పదో తట్ట నింపుతోంది. ఆవిడ నలుగురు పిల్లలు వరసగా నిలబడి దుంపలు అందిస్తున్నాయి. అన్నిటికంటే చిన్నది తనకంటే పెద్ద దుంపని కావలించుకుని వెనక్కి పడిపోయింది. మిగతావి పకపకా నవ్వాయి.

ఆ నవ్వు తన మీదే అనిపించింది గుబురయ్యకి.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తన సేద్యంలో లోపం తనకి కనపడలేదు. పక్కదాని మీదికి పోయింది బుద్ధి. ఆ రోజే కొండముచ్చు తాత దగ్గరికి వెళ్ళి సభ పెట్టమన్నాడు. కొండముచ్చు ఆ అడవికి పెద్ద. పెద్ద బండ మీద కూచుని తగువులు తీర్చేవాడు. ముసలివాడు, మంచివాడే. కానీ ఎండలో బండ దిగి నడవడం అంటే ఒళ్ళు బరువు.

జంతువులన్నీ వచ్చాక గుబురయ్య లేచాడు.

“తాతా, నా మూడు మళ్ళకి పన్నెండు తట్టలు. ఈవిడ ఒక్క మడికి పది. ఎక్కడైనా ఉందా ఇది? ఈవిడ నేల కింద సొరంగం తవ్వి నా దుంపలు పట్టుకుపోతోంది. మట్టి కాళ్ళతో నా మడిలో ఉండగా నా కళ్ళతో చూశాను. పైగా ఎంత తెలివో చూడండి. గట్టు పక్క బోదె జోలికి పోదు. అక్కడ తీస్తే అనుమానం వస్తుందని, లోపల్లోపల తీస్తోంది” అన్నాడు.

జంతువులన్నీ గుసగుసలాడాయి. కొండముచ్చు తాత, “ఏమ్మా, ఏమంటావు?” అన్నాడు.

“నేను తవ్వడం లేదు తాతా. పూడుస్తున్నాను” అంది పోలమ్మ.

బండ కింద కూచున్న అడవికోడి మెడ చాపి, “పందికొక్కు మట్టి పూడ్చడం మీలో ఎవరైనా విన్నారా?” అంది. సభ అంతా గొల్లుమంది. పోలమ్మకి సిగ్గేసి, కాళ్ళకున్న మట్టి గబగబా పొట్టకి తుడుచుకుంది. “గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది” అంది అడవికోడి. మళ్ళీ నవ్వారు.

పోలమ్మ నలుగురు పిల్లలు తల్లి చుట్టూ చేరి, ఎందుకు నవ్వుతున్నారో తెలియక అవి కూడా కొంచెం నవ్వాయి.

“తాతా, నవ్వితే నవ్వండి. ఒక్కసారి వచ్చి తవ్వి చూడండి. నా బొరియ ఎటు పోతుందో చూడండి. గుబురయ్యన్న మడి కింద ఒక్క సొరంగం కనిపించినా నన్ను ఏం చేసినా పడతాను” అంది పోలమ్మ.

కొండముచ్చు తాత ఎండ వైపు చూశాడు. గుబురయ్య వైపు చూశాడు. “ఏమయ్యా, తవ్వి చూద్దామా?” అన్నాడు.

గుబురయ్య జీవితంలో ఆ ఒక్క క్షణమే ముఖ్యమైనది పిల్లలూ. తవ్వి చూద్దాం అని అతని మనసే అంది. వెంటనే ఇంకో మాట కూడా అంది. సొరంగం లేకపోతే? ఇంతమందిలో నవ్వులపాలయ్యేది నువ్వే కదా?

“తవ్వడం దేనికి తాతా. అందరికీ తెలిసిందేగా పందికొక్కు సంగతి” అన్నాడు.

తాతకి బండ దిగే పని తప్పింది. తీర్పు చెప్పేశాడు. పోలమ్మ పది తట్టల దుంపా గుబురయ్యకి ఇవ్వాలి. మడి కూడా అతనికే. పోలమ్మ పిల్లలతో వాగు దాటి వెళ్ళిపోవాలి.

పోలమ్మ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. నలుగురు పిల్లల్ని ఒకదాని తోక ఒకటి పట్టుకోమని వరసగా నడిపించింది. వాగు దగ్గర బూచమ్మ నిలబడి ఉంది. పోలమ్మ ఆవిడ దగ్గర ఆగింది.

“వదినా, గట్టు పక్క బోదె పగుళ్ళిస్తే పూడుస్తూ ఉండండి. పోయినసారి అక్కడే ముక్కుపురుగు కనిపించింది” అని చెప్పి నీళ్ళలోకి దిగింది.

బూచమ్మ ఇంటికొచ్చి ఆ మాట మొగుడికి చెప్పింది. “పోతూ పోతూ కూడా పెత్తనమే” అన్నాడు గుబురయ్య.

ఆ ఎండాకాలం గుబురయ్య ఇంట్లో ఇరవై రెండు తట్టల దుంప. పిల్లలు తిన్నంత తిని, తినలేనంత పారేసి, బంతుల్లా తయారయ్యాయి. బూచమ్మ మాత్రం సరిగా తినేది కాదు. అడిగితే, “ఆకలి లేదు” అనేది.

మళ్ళీ నాటే రోజులొచ్చాయి. ఇప్పుడు గుబురయ్యకి నాలుగు మళ్ళు. దొంగ పోయింది కదా, మూడు మళ్ళకి ముప్పై తట్టలు, నాలుగోదానికి పది అని సంబరంగా అనుకున్నాడు. పోలమ్మ కట్టిన బోదెలు కాలికి అడ్డమని చదును చేసేశాడు. గట్టు పక్క బోదె ఒక్కటీ అలవాటు కొద్దీ ఉంచాడు. ముదురు మొదళ్ళు పరిచాడు. పేడ రెట్టింపు పోశాడు, నీళ్ళు రెట్టింపు మోశాడు. నాలుగు మళ్ళూ పచ్చ తివాచీ అయిపోయాయి. జింకలు రోజూ ఆగి మెచ్చుకున్నాయి.

గట్టు అవతల నుంచి మాత్రం ఎవరూ “అన్నా” అని పిలవలేదు. పిలవకపోతే హాయిగా ఉంటుందనుకున్నాడు గుబురయ్య. ఎందుకో ఉండలేదు.

పంట తవ్వే రోజు వచ్చింది. మొదటి మడిలో తీగ లాగాడు. బారెడు తీగ వచ్చింది, దానికి కణుపు కణుపుకీ దారాల్లాంటి వేళ్ళు. రెండో మడిలోనూ అంతే. మూడో మడిలో అక్కడక్కడా దుంపలు దొరికాయి. విరిచి చూస్తే చాలావాటి లోపల నల్లటి బెజ్జాలు. కొరికితే చేదు. పోలమ్మ మడి ఆశగా తవ్వాడు. పది తట్టలు పండిన మడిలో ఒక్క తట్ట పండింది.

ఆఖరికి గట్టు పక్క బోదె దగ్గరికి వచ్చాడు. ఏటా నాలుగు తట్టలిచ్చిన బోదె అది. దాని నిండా వేలు పట్టేంత పగుళ్ళు. గుబురయ్య పంజాతో తవ్వాడు. ఒక్క మంచి దుంప లేదు. ముక్కుపురుగులు బిలబిలమంటూ పంజా మీదికి పాకాయి.

నాలుగు మళ్ళలో ఏడు తట్టలు. వాటిలో నాలుగు చేదు.

గుబురయ్య అక్కడితో ఆగలేదు. బోదె కింద మోకాలి లోతు తవ్వాడు, నడుం లోతు తవ్వాడు. మూడు మళ్ళూ అడ్డంగా నిలువుగా తవ్వాడు. సొరంగం లేదు. పాత సొరంగం పూడిన గుర్తు కూడా లేదు. గట్టు దాటి పోలమ్మ బొరియ దగ్గరికి వెళ్ళి దాన్నీ తవ్వాడు. ఆ బొరియ మూడడుగులు లోపలికి పోయి, అతని మడికి ఎడమొహంగా, వాగు వైపు తిరిగింది. చివర చిన్న గది. గదిలో ఎండిన గడ్డి పక్కలు ఐదు. ఒకటి కొంచెం పెద్దది, నాలుగు చిన్నవి.

ఏడాది క్రితం తవ్వమంటే తవ్వలేదు. ఇప్పుడు తవ్వాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

బూచమ్మ గట్టు మీద నిలబడి ఉంది.

“ఆ బోదె పగుళ్ళు ఆవిడే పూడ్చేది. మూడేళ్ళూ చూశాను. నీ బోదెకి పురుగు పడితే గట్టు దాటి తన మడికి వస్తుందని భయం. మన దుంప పోతుందన్న బాధా ఉండేది. అందుకే ఆ ఒక్క బోదె అంత కాసేది” అంది.

“సభలో ఎందుకు చెప్పలేదు?” అన్నాడు గుబురయ్య.

“అందరూ నవ్వుతున్నారు. నోరు పెగల్లేదు. ఆ తప్పు నాది, అందుకే నాకు అన్నం దిగలేదు” అంది బూచమ్మ.

గుబురయ్య వెనక్కి తిరిగి ఆ బోదె వైపు చూశాడు. తన మడిలో తనకి అన్నం పెట్టిన ఒక్క బోదెనీ పోలమ్మే కాపాడింది. ఆ బోదెనే చూపించి ఆవిడని దొంగని చేశాడు. 

చేదు లేని మూడు తట్టల్లోంచి పోలమ్మ కోసం ఒక తట్ట విడిగా తీశాడు. “పిల్లలకి రెండే మిగులుతాయి” అన్నాడు. “తీసుకెళ్ళు. చెదపుట్టలు తవ్వుకుని బతుకుతాం” అంది బూచమ్మ. గుబురయ్య తట్ట నెత్తిన పెట్టుకుని వాగు దాటాడు.

మూడు రోజులు నడిచాడు. మొదటి రోజు ఒక కుందేలుని అడిగితే, “పందికొక్కులని మేం ఇక్కడ ఉండనివ్వం, దొంగబుద్ధి అటగా” అంది. రెండో రోజు ఒక ముంగిస అదే మాట అంది. ఆ మాట ఎక్కడ పుట్టిందో గుబురయ్యకి తెలుసు. అది తనకంటే ముందు వాగు దాటి, తనకంటే వేగంగా నడిచింది. మూడో రోజు రాళ్ళగుట్ట మీద, రాళ్ళ మధ్య దుప్పటంత నేల చెక్కలో, పోలమ్మ కనిపించింది. తవ్విన దుంపల్ని నీడలో ఆరబెడుతోంది. అంత చిన్న చెక్కలో, ఆ రాళ్ళలో, రెండు తట్టల దుంప పండించింది.

“రా అన్నా. ఎండన పడి వచ్చావు, ముందు నీళ్ళు తాగు” అంది.

గుబురయ్య తట్ట దించాడు. ఏం చెప్పాలో దారిపొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ మరిచిపోయాడు. పోలమ్మ పిల్లలు వచ్చి దూరంగా నిలబడ్డాయి. పెద్దది ఉంది, దాని తర్వాతది ఉంది, మూడోది ఉంది. దుంపని కావలించుకుని వెనక్కి పడ్డ చిన్నది కనపడలేదు.

బొరియలోంచి వస్తుందేమోనని చూశాడు. రాలేదు.

“చిన్నది...” అన్నాడు.

పోలమ్మ ఒక దుంప తీసి, మట్టి తుడిచి, పక్కన పెట్టింది. “పోయిన ఎండాకాలం మాకు దుంప లేదు కదన్నా” అంది.

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే గుబురయ్యకి కొంచెం తేలికయ్యేది. అంత పెద్ద ఎలుగుబంటి, ఆ చిన్న చెక్క పక్కన కూచుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పిల్లలు భయపడి తల్లి వెనక దాక్కున్నాయి.

కాసేపటికి గుబురయ్య, “తప్పయిపోయిందమ్మా. తిరిగి రా. నీ మడి నీకిస్తాను, నా మడి ఇంకోటి కూడా ఇస్తాను. ఎవరేమన్నా నేను చూసుకుంటాను” అన్నాడు.

“రాలేనన్నా. అక్కడ నా కాళ్ళకి మట్టి అంటినప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వుతారు. మట్టి అంటకుండా నేను బతకలేను” అంది పోలమ్మ.

 గుబురయ్య ఎప్పుడో అడగాల్సిన మాట అప్పుడు అడిగాడు.

“దుంప ఎలా పండిస్తావమ్మా?”

పోలమ్మ అతని మొహం వంక చూసింది. “ఇందులో దాచేదేం లేదన్నా. అడక్కుండానే చెప్పాను, అడిగితే చెప్పనా” అంది. ఆ మధ్యాహ్నమంతా కూచోబెట్టి చెప్పింది. కొసలు ఎలా తుంచాలో, బోదె ఎంత ఎత్తు కట్టాలో, నీళ్ళు ఎప్పుడు ఆపాలో, తీగ ఎలా ఎత్తి తిప్పాలో, పగులు కనపడగానే ఎలా పూడ్చాలో, దుంప తవ్వేశాక తొలకరికి ఉలవలు చల్లి, ఆ మొక్కల్ని మట్టిలోనే కలిపేసి నేలకి ఎలా ఊరట ఇవ్వాలో అన్నీ చెప్పింది. “ఎక్కువ నేల, ఎక్కువ నీళ్ళు, ఎక్కువ కష్టం అని చూడకన్నా. ఉన్నదాన్ని చూసుకో. రెండు మళ్ళు చెయ్యి చాలు” అంది. పోయేటప్పుడు తీగ కొసలు ఒక కట్ట కట్టి ఇచ్చింది.

గుబురయ్య ఆ కొసల్ని వాగు ఒడ్డున నీడలో నాటి బతికించుకున్నాడు. ఆ ఎండాకాలం అతని పిల్లలు కూడా పొద్దస్తమానం పడుకునే ఉన్నాయి. ఎలాగో ప్రాణాలు దక్కాయి. నాటే రోజులొచ్చాక తన మడి ఒకటి, పోలమ్మ మడి ఒకటి, రెండే వేశాడు. జింకలు ఆగి, “ఈసారి పైరు పల్చగా ఉందే గుబురయ్యా” అని జాలిపడ్డాయి. పంట తవ్వితే తన మడిలో తొమ్మిది తట్టలు, పోలమ్మ మడిలో పది. ఆ పదీ మోసుకెళ్ళి రాళ్ళగుట్ట మీద దించి వచ్చాడు. ఏటా అలాగే దించేవాడు. పోలమ్మ వద్దనలేదు, పిల్లలున్నాయి కదా. ఎన్ని తట్టలు దించినా అక్కడ పిల్లలు ముగ్గురే.

మొదటిసారి రాళ్ళగుట్ట నుంచి అడవికి తిరిగొచ్చినప్పుడే గుబురయ్య సభ పెట్టించాడు. బండ ముందు నిలబడి, “పోలమ్మ దొంగ కాదు. దుంప పండించడం నాకు రాక ఆవిడ మీద నింద వేశాను” అని అందరికీ వినపడేలా చెప్పాడు. కొండముచ్చు తాత తల దించుకున్నాడు. “ఆ రోజు బండ దిగి ఉంటే బాగుండేది” అన్నాడు. అడవికోడి, “అయ్యో పాపం” అంది. అందరూ అయ్యో పాపం అన్నారు.

మర్నాడు ఎవరి మడిలోనో రెండు దుంపలు తగ్గాయి. “పందికొక్కేమన్నా వచ్చిందేమో” అంది అదే అడవికోడి.

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. గుబురయ్య అన్న తప్పు మాట ఒక్కరోజులో అడవంతా తిరిగింది. దిద్దిన మాట ఏళ్ళ తరబడి చెప్పినా గట్టు దాటలేదు. పోలమ్మ దొంగ కాదని అతను కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు. వాళ్ళు తల ఊపి వెళ్ళిపోయేవారు.

ఒకనాడు పొద్దు వాలుతుండగా గుబురయ్య గట్టు పక్క బోదె దగ్గర వంగి ఉన్నాడు. పంజాల నిండా తడి మట్టి. దారిన పోతున్న జింక ఆగింది.

“ఏం మామా, పందికొక్కులా తవ్వుతున్నావు?” అంది.

“నేను తవ్వడం లేదమ్మా. పూడుస్తున్నాను” అన్నాడు గుబురయ్య.

జింక నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. గుబురయ్య ఆ మాట ఇదివరకు ఎవరి నోట విన్నాడో గుర్తొచ్చి, పంజా బోదె మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. తర్వాత మిగిలిన పగుళ్ళు కూడా పూడ్చి ఇంటికి వెళ్ళాడు.

ఇప్పటికీ ఏ పొలంలో దుంప తగ్గినా ముందు పందికొక్కు మీదికే వేలు పోతుంది చూడండి. ఆ వేలు మొదట చూపించింది గుబురయ్యే. దించాలని బతికినంత కాలం చూశాడు, దించలేకపోయాడు.

నీతి: పక్కవాడికి ఎక్కువ పండితే, ఎలా పండిందని ముందు అడగాలి. అడగకుండా వేసిన నింద, తప్పని తెలిశాక కూడా వెనక్కి రాదు.